థోర్ తొలి కామిక్‌ని మళ్ళీ చదవడం ఎలా: ఒక ఊతకర్ర, 13 పేజీలు, పక్కన ఒక ఎడ్డా

మార్వెల్ సినిమాల్లో ఉరుముల దేవుడు థోర్‌ని చూసి, అసలు ఇతని మొదటి కథ ఎలా ఉంటుందో చూద్దామని 1962 నాటి కామిక్ తెరిచాను. నాలుగైదు పేజీల్లోనే మూసేశాను. దేవుడి కథ కదా అని తెరిస్తే శని గ్రహం నుంచి దిగిన రాతి మనుషులు ఎదురయ్యారు. శని పట్టడమంటే ఇదే అనుకున్నాను. దేవతల లోకం ఆస్గార్డ్ లేదు, థోర్ తండ్రి ఓడిన్ లేడు, కుట్రల లోకి లేడు. నార్వే కొండల్లో ఒక కుంటి డాక్టరు, ఒక గుహ, ఒక కర్ర. అంతే.

కొన్నేళ్ళ తర్వాత అదే కథని ఇంకో పద్ధతిలో చదివాను. అప్పుడు రుచి తెలిసింది. ఆ పద్ధతే ఇక్కడ మెట్లవారీగా చెబుతున్నాను. చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నని మాత్రం జేబులో పెట్టుకోండి: ఆ గుహలో నిలబడ్డవాడు ఎవరు, దేవుడి వేషం దొరికిన మనిషా, మనిషి వేషంలో ఉన్న దేవుడా? దీనికి జవాబు చెప్పడానికి ఆ కామిక్‌కే ఆరేళ్ళు పట్టింది.

మొదటి మెట్టు: ప్రతి సంపాదించడం

మనకి కావలసింది 'జర్నీ ఇంటు మిస్టరీ' 83వ సంచిక. కవరు మీద 1962 ఆగస్టు అని ఉంటుంది, ధర 12 సెంట్లు. పేరు చూస్తేనే తెలుస్తుంది, ఇది థోర్ కోసం పుట్టిన పత్రిక కాదు. 1952లో దయ్యాలూ భూతాల పొట్టి కథలతో మొదలై, తర్వాత రాక్షసాకారాలూ గ్రహాంతరవాసుల కథల్లోకి మళ్ళింది. స్పైడర్‌మ్యాన్ మొదటి కథ వచ్చిన సంచిక మీదా ఇదే నెల ఉంటుంది. మార్వెల్ వాళ్ళు ఆ వేసవిలో రాళ్ళు విసురుతూ పోయారు, ఏది తగిలితే అది.

పాత అసలు ప్రతి జోలికి పోకండి, అది చదివేవాళ్ళ వస్తువు కాదు, లాకరులో పెట్టుకునేవాళ్ళది. తేలికైన దారి మార్వెల్ అన్‌లిమిటెడ్ యాప్. పుస్తకం చేతిలో ఉండాలంటే 83 నుంచి 109 దాకా రంగుల్లో ఉన్న ఎపిక్ కలెక్షన్ మొదటి సంపుటం సరిపోతుంది. 83 నుంచి 112 దాకా నలుపు-తెలుపులో వేసిన ఎసెన్షియల్ సంపుటం సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వదలొద్దు. రంగుల కింద దాక్కున్న గీత అందులో బయటపడుతుంది. కొత్త ముద్రణల్లో రంగులు మరీ మెరుస్తుంటాయి. ఆ రోజుల్లో ఇది నాసిరకం న్యూస్‌ప్రింట్ మీద, చుక్కలు చుక్కలుగా పడిన బొమ్మ.

రెండో మెట్టు: ఒక్క బిగిన, ఏమీ పోల్చకుండా

మొదటిసారి నోట్స్ రాసుకోవద్దు. 13 పేజీలు టీ చల్లారేలోపు అయిపోతాయి. కథ ఇది: డాన్ బ్లేక్ అనే అమెరికన్ డాక్టరు సెలవు మీద నార్వే వెళతాడు. ఒక కాలు సరిగా పనిచేయదు, చేతికర్ర ఊతంతో నడుస్తాడు. రాతి మనుషులు దిగారని ఒక ముసలాయన చెబితే ఊళ్ళోవాళ్ళు నమ్మరు. బ్లేక్ వెళ్ళి చూస్తాడు, కంటపడతాడు, పరుగెత్తడంలో చేతికర్ర పోతుంది. గుహలో దూరితే దారి మూసుకుపోతుంది. అక్కడ ఒక పాత, వంకర కర్ర దొరుకుతుంది. దాన్ని బండరాయి కింద పెట్టి ఎత్తబోతాడు, కదలదు. కోపంతో రాయి మీద బాదుతాడు. మెరుపు. కర్ర సుత్తి అవుతుంది, డాక్టరు థోర్ అవుతాడు.

తర్వాత యుద్ధం, ఒక యంత్ర రాక్షసుడు, రాతి మనుషుల పలాయనం. ఆ భాగం మామూలే. (2017 సినిమాలో మెత్తగా మాట్లాడే రాతి మనిషి కోర్గ్ ఈ జాతివాడే. 1962లో పారిపోయినవాళ్ళకి అలా ఒక కామెడీ వేషం దక్కింది.)

మూడో మెట్టు: పెన్సిల్ పట్టుకుని రెండోసారి

ఇప్పుడు నెమ్మదిగా చదవండి. నేను గీత పెట్టుకున్న చోట్లు ఇవి.

గుహ ఘట్టంలో బ్లేక్ ముందు తెలివిని వాడతాడు, కర్రని గునపంలా దూరుస్తాడు. అది ఫలించదు. ఓడిపోయిన మనిషి విసుగుతో కొట్టిన దెబ్బకి తలుపు తెరుచుకుంటుంది. ప్రార్థన లేదు, వరం లేదు, గురువు లేడు. 1940లో వచ్చిన కెప్టెన్ మార్వెల్‌లో ఒక మాంత్రికుడు పిల్లవాణ్ణి పిలిపించి మరీ మంత్రం చెబుతాడు. ఇక్కడ పిలిచినవాడు ఎవడూ కనిపించడు. ఈ ఖాళీని గుర్తు పెట్టుకోండి, చివర్లో పని పడుతుంది.

రెండోది సుత్తి మీద చెక్కిన మాట. ఎవరు దీన్ని పట్టుకున్నారో వారు యోగ్యులైతే థోర్ శక్తి వారిదవుతుంది అని దాని అర్థం. మొదటి కథలో ఈ 'యోగ్యులైతే' అన్న షరతుకి పనేమీ లేదు. ఎవరూ ఎత్తబోయి ఓడిపోరు, ఎవరూ పరీక్షకి నిలబడరు. ఊరికే చల్లిన విత్తనం. 1983లో 337వ సంచికలో రచయిత, చిత్రకారుడు వాల్టర్ సైమన్సన్ ఆ షరతుని నిజంగా పట్టించుకుని, గుర్రం ముఖమున్న ఒక పరగ్రహవాసి చేత సుత్తి ఎత్తించాడు. 2019 సినిమాలో కెప్టెన్ అమెరికా ఎత్తినప్పుడు హాల్లో పడిన విజిళ్ళకి మూలం కూడా ఈ ఒక్క వాక్యమే.

మూడోది 60 సెకన్ల నియమం. సుత్తి చేతిని వదిలి అంతసేపు దాటితే థోర్ మళ్ళీ కుంటి డాక్టరైపోతాడు. ఇది పురాణం కాదు, కథలు అల్లేవాడి తెలివి. దేవుడికి ప్రాణభయం ఉండదు, ప్రాణభయం లేనివాడి కథలో టెన్షన్ ఉండదు. అందుకే గడియారం కట్టారు. సుత్తి చేజారిన ప్రతిసారీ, అది తిరిగొచ్చేలోపు ఎన్ని గడులు (పేజీలోని బొమ్మల చట్రాలు) నడిచాయో లెక్కపెట్టండి. ఒక్కోచోట ఆ 60 సెకన్లలోనే పెద్ద పెద్ద డైలాగులు చెప్పేస్తారు. మన సినిమాల్లో బాంబు గడియారంలో ఆఖరి పది సెకన్లు సాగినట్టు సాగుతుంది.

నాలుగోది భాష. తర్వాతి సంచికల్లో థోర్ షేక్‌స్పియర్ నాటకంలోంచి లేచొచ్చినట్టు గ్రాంథికంగా మాట్లాడతాడు. ఇక్కడ మాత్రం మాట మామూలు అమెరికన్ ఇంగ్లీషు, ఆలోచన బ్లేక్‌ది. తనకి ఇంత బలం ఎలా వచ్చిందని తనే ఆశ్చర్యపోతాడు. సుత్తి పిడిని నేలకి రెండుసార్లు తాటిస్తే తుఫాను, మూడుసార్లు తాటిస్తే ఆగుతుంది వంటి సంగతులు కొత్త ఫోను కొన్నవాడు బటన్లు నొక్కి చూసినట్టు ఒక్కొక్కటే కనిపెడతాడు. అంటే ఇక్కడికి మన ప్రశ్నకి జవాబు 'మనిషి' అనే పడుతుంది.

సుత్తి గురించి ఒక మాట. జంధ్యాల గారి పుణ్యమా అని తెలుగులో ఈ ఆయుధం పేరు చెబితేనే నవ్వొస్తుంది. గద అనో వజ్రాయుధం అనో అంటే గంభీరంగా ఉంటుంది గానీ అబద్ధం అవుతుంది. అది కమ్మరి సుత్తే. దాని పుట్టుకే కమ్మరి కొలిమిలో.

నాలుగో మెట్టు: ఎడ్డా పక్కన పెట్టుకోవడం

అసలు పని ఇక్కడుంది, తొందరపడొద్దు. నార్స్ కథలకి, అంటే స్కాండినేవియా పాత పురాణాలకి, మనకి మిగిలిన ముఖ్యమైన ఆధారాలు రెండు. ఒకటి ఐస్‌లాండ్ పండితుడూ రాజకీయవేత్తా అయిన స్నోరి స్టర్లుసన్ 1220ల ప్రాంతంలో కూర్చిన గద్య ఎడ్డా. రెండోది పాత పద్యాల సంకలనం, పద్య ఎడ్డా. దాని ముఖ్య ప్రతి, 45 ఆకుల చిన్న పుస్తకం, 13వ శతాబ్దంలో రాసింది. ఒక ఐస్‌లాండ్ బిషప్ దాన్ని 1662లో డెన్మార్క్ రాజుకి కానుకగా పంపాడు. సరిగ్గా మూడువందల ఏళ్ళకి న్యూయార్క్‌లో ఈ కామిక్ వచ్చింది. ఆ పుస్తకం 1971లో ఓడెక్కి మళ్ళీ ఐస్‌లాండ్ చేరింది. గద్య ఎడ్డాకి 1916 నాటి బ్రోడియర్ ఇంగ్లీషు అనువాదం, పద్యాలకి 1923 నాటి బెలోస్ అనువాదం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. భాష కొంచెం పాతబడింది గానీ మన పనికి చాలు.

ముందుగా సుత్తి పుట్టిన కథ చదవండి. లోకి పందెం కట్టి ఇద్దరు మరుగుజ్జు అన్నదమ్ముల్ని కొలిమి దగ్గర కూర్చోబెడతాడు. తిత్తులు ఊదుతున్న బ్రోక్‌ని చెడగొట్టడానికి ఈగై వచ్చి కుడతాడు. చివరిసారి కనురెప్ప మీద కుడితే నెత్తురు కంట్లోకి కారి, బ్రోక్ ఒక్క క్షణం చెయ్యి తీసి ఈగని తోలతాడు. అందుకే థోర్ సుత్తి మ్యోల్నిర్ పిడి పొట్టిగా వచ్చింది. ఇప్పుడు కామిక్‌లో బొమ్మ చూడండి, పిడి పొట్టిగానే ఉంటుంది. బొమ్మలు గీసిన జాక్ కర్బీ దేవుడి గడ్డం తీసేశాడు, జుట్టుకి రంగు మార్చాడు, పిడి పొట్టిదనం మాత్రం ఉంచాడు.

తర్వాత థ్రిమ్ పాట. రాక్షసుడు థ్రిమ్ ఆ సుత్తిని దొంగిలించి భూమి అడుగున దాచి, దేవత ఫ్రేయాని తనకిచ్చి పెళ్ళి చేస్తేనే ఇస్తానంటాడు. దేవతల కాపలాదారు హైమ్‌డాల్ సలహా మీద థోర్‌కే పెళ్ళికూతురి వేషం వేస్తారు, లోకి చెలికత్తె అవుతాడు. పెళ్ళివిందులో 'వధువు' ఒక ఎద్దునీ ఎనిమిది సాల్మన్ చేపల్నీ తినేసి మూడు పీపాల మధువు తాగేస్తుంది. థ్రిమ్ కంగారుపడితే, నీ మీద బెంగతో ఎనిమిది రాత్రులు ఏమీ తినలేదు పాపం అని లోకి సర్దిచెబుతాడు. వధువుని ఆశీర్వదించడానికి సుత్తి తెచ్చి ఒళ్ళో పెడతారు. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నర్తనశాలలో ద్రౌపది స్థానంలో చీకట్లో కాచుకున్న భీముణ్ణి, బండెడు అన్నం తనే లాగించేసి బకాసురుడి మీద లేచిన భీముణ్ణి కలిపితే ఈ థోర్ వస్తాడు. కామిక్‌లో ఈ తిండిపోతుతనం, ఈ మోటు హాస్యం థోర్‌కి దక్కలేదు. 1965లో 119వ సంచికలో రచయిత స్టాన్ లీ, కర్బీ సొంతంగా సృష్టించిన వోల్‌స్టాగ్‌కి వెళ్ళాయి. అతను ఏ ఎడ్డాలోనూ లేడు.

ఈ పాటలోనే ఇంకో సంగతి ఉంది. థ్రిమ్ సుత్తిని ఎత్తుకుపోగలిగాడు. అంటే ఎడ్డాలో 'యోగ్యత' అన్న షరతే లేదు. థోర్‌కి దాన్ని పట్టుకోవడానికి ఇనుప చేతొడుగులు కావాలి, బలం పెంచే నడికట్టు ఉంది, గుణగణాల పరీక్ష మాత్రం లేదు. కామిక్ ఈ ఊహని రాతిలో దిగిన ఆర్థర్ రాజు కత్తి దగ్గర నుంచి తెచ్చుకుందని నా అనుమానం. మనకైతే శివధనుస్సు తెలుసు కాబట్టి అది పరాయిగా అనిపించదు.

తేడాలు ఒక కాగితం మీద రాసుకోవాలంటే ముందు చుట్టరికాలు రాయండి. సినిమాల వల్ల లోకి థోర్‌కి తమ్ముడని మనసులో ముద్రపడిపోయింది. ఎడ్డాలో అతను రాక్షసుడు ఫార్బౌటి కొడుకు, ఓడిన్‌తో నెత్తురు కలిపి సోదరుడైనవాడు. వరస ప్రకారం థోర్‌కి బాబాయి అవుతాడు. థోర్ తల్లి యోర్ద్, అంటే భూమి. భార్య సిఫ్, బంగారు జుట్టు ఆమె గుర్తు. కామిక్‌లో ఆమె జుట్టు నలుపు. ఐస్‌లాండ్ సాగాల్లో (పాత గద్య కథల్లో) థోర్ గడ్డం ఎరుపు. రెండు మేకలు లాగే బండి ఎక్కి తిరుగుతాడు, ఆకలేస్తే ఆ మేకల్నే కోసి తిని, ఎముకలు చర్మం మీద పేర్చి పొద్దున్నే సుత్తితో బతికిస్తాడు. 83వ సంచికలో మేకలకి చోటు లేదు, సుత్తి విసిరి దాని పట్టీ పట్టుకుని ఎగిరేవాడికి బండి ఎందుకు?

రెక్కల శిరస్త్రాణం గురించి: ఎడ్డా కాలపు మనుషులు అలాంటివి పెట్టుకోలేదు. కొమ్ములూ రెక్కలూ 19వ శతాబ్దపు యూరప్ ఊహలు. 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో వాగ్నర్ సంగీత నాటకాలకి కుట్టిన దుస్తులు ఆ ముద్రని స్థిరపరిచాయి. మన దేవుళ్ళకి రవివర్మ కట్టిన చీరల లాంటిదే ఇదీ.

ఐదో మెట్టు: ఏవి చదవాలి, ఏవి దాటేయాలి

83 తర్వాత వరసగా చదివితే నీరసం వస్తుంది. 84లో కమ్యూనిస్టు నియంత, 86లో భవిష్యత్తు నుంచి వచ్చిన విలన్. అది కోల్డ్ వార్ కాలం. కథ స్టాన్ లీ చెబితే మాటలు రాసింది అతని తమ్ముడు లారీ లీబర్. కొన్నాళ్ళకి మాటలు వేరేవాళ్ళ చేతికి పోయాయి, కర్బీ కూడా చాలా సంచికలకి గైరుహాజరు. వీటిలో నర్సు జేన్ ఫోస్టర్ మీద బ్లేక్ మూగప్రేమ తప్ప మిగిలేదేమీ లేదు. ఒకటి రెండు రుచి చూసి ముందుకు పోండి.

85 మాత్రం తప్పనిసరి. లోకి వచ్చేది ఇక్కడే. అతన్ని ఒక చెట్టులో బంధించి ఉంటారు, అతని దుస్థితికి ఎవరైనా ఒక కన్నీటి చుక్క రాల్చేదాకా విడుదల లేదు. లోకి చెట్టుని వశం చేసుకుని, కిందగా వెళుతున్న హైమ్‌డాల్ కంట్లో ఒక ఆకు పడేలా చేస్తాడు. కన్ను నీరు కారుతుంది, బంధం తెగుతుంది. ఇప్పుడు గద్య ఎడ్డాలో ఓడిన్ కొడుకు బాల్డర్ మరణం చదవండి. ప్రపంచంలో ప్రతి ప్రాణీ ఏడిస్తే బాల్డర్‌ని తిరిగి పంపుతానని మృతుల లోకపు రాణి హెల్ అంటుంది. రాళ్ళూ చెట్లూ కూడా ఏడుస్తాయి, ఒక్క రాక్షసి మాత్రం ఏడవదు. ఆమె లోకీయే అని కథ సూచిస్తుంది. అక్కడ అతను రాల్చని కన్నీటి వల్ల బాల్డర్ చిక్కుకుపోయాడు, ఇక్కడ ఎవరో రాల్చని కన్నీటిని మోసంతో రాల్పించి అతను బయటపడ్డాడు. రాసినవాళ్ళు తెలిసే తిరగేశారో, యాదృచ్ఛికంగా కుదిరిందో గానీ, ఈ కామిక్‌లో ఎడ్డా మొదటిసారి ఊపిరి పీల్చింది ఇక్కడే అంటాను. ఇంకోటి గమనించండి: లోకి, థోర్‌ని పాత శత్రువుగా గుర్తుపడతాడు. మరి నిన్నమొన్న కర్ర దొరికిన డాక్టరుతో ఇతనికి పాత పగ ఎక్కడిది? జేబులో ప్రశ్న మళ్ళీ కదులుతుంది.

అక్కడి నుంచి 97కి, 1963 అక్టోబరుకి గెంతండి. పత్రిక చివర అయిదు పేజీల 'టేల్స్ ఆఫ్ ఆస్గార్డ్' మొదలవుతుంది. డాక్టరు లేడు, న్యూయార్క్ లేదు. మంచు, రాక్షసుడు ఇమిర్, మంచుని నాకుతున్న ఆవు. ఎడ్డాలో ఆ ఆవు ఉప్పు మంచుని నాకుతుంటే మొదటిరోజు జుట్టు, రెండోరోజు తల, మూడోరోజు పూర్తి మనిషి బయటికొస్తాడు. అతని మనవడే ఓడిన్. తర్వాత ఓడిన్ సోదరులతో కలిసి ఇమిర్‌ని చంపి, మాంసంతో నేల, నెత్తురుతో సముద్రం, ఎముకలతో కొండలు, పుర్రెతో ఆకాశం చేస్తాడు. పురుష సూక్తం విన్నవాళ్ళకి ఇది కొత్త కాదు. కామిక్ ఆ కోతని దాటేసింది. కవరు మీద కామిక్స్ కోడ్ (అప్పటి సెన్సారు లాంటి నియమావళి) ముద్ర ఉన్న పత్రికలో శవాన్ని ముక్కలు చేసి ప్రపంచం కట్టడం కుదరదు కదా.

ఈ అయిదేసి పేజీలు 1967 దాకా నడిచాయి. నా మాట వింటే వీటిని మాత్రం విడిగా, ఒకదాని వెంట ఒకటి చదవండి. వెనక గదిలో మొదలైన పురాణం మెల్లగా ముందు గదిలోకి వచ్చి, చివరికి డాక్టరు క్లినిక్‌నే ఖాళీ చేయించింది. 126వ సంచికకి, అంటే 1966 మార్చికి, పత్రిక పేరే 'థోర్' అయింది.

ఆరో మెట్టు: గీతని చూడటం

83వ సంచికకి కర్బీ పెన్సిల్ మీద ఇంకు వేసింది జో సిన్నాట్. గీత శుభ్రంగా, గట్టిగా ఉంటుంది. 1960ల మధ్య నుంచి చాలాకాలం ఇంకు విన్స్ కొలెట్టాది. అతని గీత సన్నం, పాత చెక్కబొమ్మల్లా గీరుడుగా ఉంటుంది. సమయం కలిసి రావడానికి వెనకనున్న మనుషుల్నీ భవనాల్నీ చెరిపేసేవాడని అభిమానులు ఇప్పటికీ తిడతారు. తిట్టు న్యాయమే, కానీ ఆ గీరుడు పాతకాలపు కథలకి ఒక నప్పు ఇచ్చిందన్నది కూడా నిజమే. రెండు రకాల పేజీలు పక్కపక్కన పెట్టి, ముఖాలు వదిలేసి, రాళ్ళనీ మేఘాల్నీ చూడండి. తేడా అక్కడ తెలుస్తుంది.

అన్నట్టు, కర్బీకి థోర్ కొత్త కాదు. 1957లో వేరే కంపెనీకి గీసిన ఒక పొట్టి కథలోనూ థోర్, ఆ సుత్తి ఉన్నాయి. అంతకుముందు 1940లోనే ఇంకో ప్రచురణకర్త ఒక మామూలు మనిషికి థోర్ శక్తి ఇచ్చి సూపర్‌హీరోని చేశాడు, అది నిలవలేదు.

ఏడో మెట్టు: 159 చదివి వెనక్కి

1968 డిసెంబరు నాటి 159వ సంచికలో ఓడిన్ నోరు విప్పుతాడు. పొగరెక్కిన కొడుక్కి అణకువ నేర్పడానికి, జ్ఞాపకాలన్నీ తీసేసి, ఒక కుంటి వైద్య విద్యార్థిగా భూమ్మీదికి పంపింది తనే. నార్వే వెళ్ళాలన్న ఆలోచన బ్లేక్ బుర్రలో పెట్టిందీ తనే. గుహలో కర్ర రూపంలో సుత్తిని ఉంచిందీ తనే. బ్లేక్ అనే మనిషి అసలు పుట్టలేదు.

కథలో పడిన పాత చిల్లుకి ఆరేళ్ళ తర్వాత వేసిన మాసిక ఇది, దాచేదేమీ లేదు. కానీ ఎంత బాగా కుదిరిందో చూడండి. తన బలం తనే మరిచిపోయి సముద్రం ఒడ్డున ఊరుకున్న హనుమంతుడు మనకి తెలుసు. జాంబవంతుడు లేచి గుర్తు చేయాలి. బ్లేక్‌కి జాంబవంతుడు లేడు, ఎదురుగా కదలని బండరాయి ఉంది.

ఇప్పుడు 83వ సంచిక మూడోసారి తెరవండి. గుహ పేజీ దగ్గర ఆగండి. మొదటిసారి అది అదృష్టం. రెండోసారి కథకుడి తెలివి. ఈసారి ఆ చీకట్లో, గడి అంచుకి అవతల, కొడుకు ఎప్పుడు కోపం తెచ్చుకుంటాడా అని ఎదురుచూస్తున్న ఒక తండ్రి ఉంటాడు. కర్బీ అతన్ని గీయలేదు. బ్లేక్ కర్ర ఎత్తుతున్నాడు.